ఇరవై కిలోల నురగ

గోదావరిఖనిలో ఎవరైనా గ్లాసు కొంచెం వెలితిగా ఇస్తే, అది చాయ్ అయినా సరే, "ఏంది, ఇరవై కిలోలు ఎన్కకు పంపినవా?" అని అడుగుతారు. అడిగేవాళ్లలో చాలామందికి ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని పుట్టించింది నేనే. ఊరంతా వాడే మాట ఒకటి సృష్టించడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఆ మాట కింద పడి ఒక మనిషి పని పోయింది, పేరు పోయింది. అంత చిన్న నష్టాన్ని మా ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఇరవై కిలోలు ఎక్కడివో ఉన్నదున్నట్టు రాయడం ఆలస్యమైన పనే. అయినా నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. మిగతావాళ్లకు కథ ఇప్పుడున్నట్టే నచ్చింది.

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. పెద్దరోడ్డు పక్కన, బూడిద లారీలు మలుపు తిరిగేచోట, లారీలను తూచే ధర్మకాంట ఒకటి ఉంది. నేను అందులో ఆపరేటర్ని. లారీ ఇనుప పలక మీదికి ఎక్కుతుంది. నేను అద్దాల గదిలో కూర్చుని మీట నొక్కుతాను. బయట డబ్బాలో ఎర్ర అంకెలు వెలుగుతాయి. ఇందులో నా ప్రతిభ మీట నొక్కడం వరకే. మా నాయిన బొగ్గుబాయిలో పనిచేసి, ఒంట్లో బాగాలేక దిగిపోయినప్పుడు, ఆయన ఉద్యోగం ఇంట్లో ఒక్కరికే వచ్చే పద్ధతి కాబట్టి అన్నకు వచ్చింది. అన్న తలకు దీపం కట్టుకుని భూమిలోకి దిగాడు. నేను ధర్మం మీద కూర్చున్నాను. ధర్మకాంట అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, అందులో కాంట మాత్రమే యజమాని కొనిపెడతాడు. రెండోది ఆపరేటరు ఇంటి నుంచి తెచ్చుకోవాలి.

మా కాంట పాతది. దానికి ఇరవై కిలోల కంటే చిన్న తేడా కనబడదు. అంకెలు ఇరవై ఇరవైగా ఎగురుతాయి, మధ్యలో ఏముందో దానికి అక్కర్లేదు. ఇటుకల డ్రైవరో, వడ్ల డ్రైవరో వచ్చి బరువు తక్కువ చూపించిందని పేచీ పెడితే నేను అద్దంలోంచి తల బయటపెట్టి రోజూ ఒకే మాట చెప్పేవాణ్ని: "ఇరవై అటిటు లెక్కగాదన్నా, కాంట గంతే." పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ మాట చెప్పీ చెప్పీ నిద్రలో కూడా చెప్పేవాణ్నని మా ఆవిడ అంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను మాత్రం ఒక్కరోజు మర్చిపోయాను. మర్చిపోయానని నేను చెప్పుకున్నాను.

టన్నుల యంత్రం ముందు కూర్చున్నందుకు ఊరికి నేను తూకాల పెద్దమనిషినయ్యాను. బజార్లో టమాటాల దగ్గర గొడవైతే నన్ను పిలిచేవారు. పెళ్లిలో మటన్ తక్కువొచ్చిందని అనుమానమొస్తే, ముక్క చూసి చెప్పమని నా దగ్గరికి పట్టుకొచ్చేవారు. ఇరవై కిలోల లోపు ప్రపంచం గురించి నాకేమీ తెలియదని ఎవరికీ తోచలేదు. నేను కూడా వాళ్లకు ఆ ఇబ్బంది కలిగించలేదు.

ఆ రోజుల్లో చౌరస్తా దగ్గర కొత్త బారు తెరిచారు. ఏసీ హాలు, నీలం లైట్లు, గోడకు పెద్ద టీవీ, అన్నిటికంటే ముఖ్యంగా ఒక నల్లా. మెరిసే ఇత్తడి నల్లా. తిప్పితే బీరొస్తుంది. నల్లా అంటే బిందెలు వరసలో పెట్టి ఎదురుచూడటమే తెలిసిన ఊరు మాది. జనం చూడ్డానికే వచ్చారు. ఊరు దానికి ఆ రోజే "నల్లా బీరు" అని పేరు పెట్టేసింది.

అంతకుముందు మేము సీసా బీరు తాగేవాళ్లం. కొలత గురించి ఎవరికీ ఫికర్ ఉండేది కాదు. మూత ఫ్యాక్టరీలో బిగించారు, లోపల ఎంతుందో ఆ ఫ్యాక్టరీకీ దేవుడికీ వదిలేశాం. కల్లు దగ్గరైతే మర్యాద వేరు. గౌడన్న లొట్టి వంచితే నురగ పొంగి నేల మీద పడిపోవాలి, నురగ పోయాక కూడా గ్లాసు నిండేదాకా పోస్తూనే ఉండాలి. కింద పడింది ఎవరి లెక్కలోకీ రాదు. అలా పెరిగినవాళ్లకు గాజు మగ్గులో పైన మూడువేళ్ల తెల్లటి నురగ పెట్టి, అదీ బిల్లులో భాగమే అంటే ఎలా ఉంటుంది?

మేము నలుగురం వెళ్లేవాళ్లం. చిన్నప్పటి దోస్తులం. ఒకడు బాయిలో పైకప్పుకు బోల్టులు కొడతాడు. ఒకడు పంపు నడుపుతాడు. మూడోవాడు యూనియన్‌లో ఏ పదవీ లేకుండా అన్ని మీటింగుల్లోనూ మాట్లాడతాడు. నాలుగోవాణ్ని నేను. వాళ్లు మొదటి షిఫ్టు దిగి, స్నానాలు చేసి వచ్చేసరికి నా డ్యూటీ కూడా అయ్యేది. ఎండ ఇంకా బయట ఉండగానే నీలం లైట్ల కింద కూర్చునేవాళ్లం.

ఒక విషయంలో మాత్రం నలుగురికీ ఒకటే పట్టింపు. మా నాయినలు నలుగురూ తట్టా, చెమ్మాసు అనే పారా పట్టి బొగ్గు నింపినవాళ్లు. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. టబ్బును అంచుదాకా నింపి పట్టాల మీద తోస్తే, అది ఊగుతూ ఊగుతూ పైకి చేరేసరికి లోపలి బొగ్గు కూర్చుండిపోయి అంచు కిందికి దిగేది. పైన లెక్క చూసే మనిషి కట్టెపుల్లతో కొలిచి, వెలితి ఉందని కోత పెట్టేవాడట. నింపినోడు కింద, కొలిచేటోడు పైన. నడుమ కుదించుకుపోయిన బొగ్గు ఎవరి ఖాతా? మా ఇళ్లల్లో రాత్రి అన్నాల దగ్గర ఈ కథ చాలాసార్లు విన్నాం. మా నాయిన ఆ కొలిచే మనిషిని తిట్టకుండా పెరుగు ముట్టేవాడు కాదు. అందుకే మాకు "నిండింది" అంటే అంచు తగలాలి. చక్కెర డబ్బా అయినా, చాయ్ గ్లాసు అయినా, బీరు మగ్గు అయినా అంతే. కథలోంచి అంచును మాత్రం బాగా పట్టుకున్నాం. కూర్చుండిపోవడం గురించి విన్న సగం ఎక్కడ జారిపోయిందో తెలియదు.

ఇక నల్లా దగ్గర మనిషి. అరవైకి దగ్గర పడ్డ మనిషి, బెల్లంపల్లి వాడు. అక్కడ బాయిలు తగ్గిపోతుంటే వయసులోనే హైదరాబాదు పోయి హోటళ్లలో ఈ నల్లా పని నేర్చుకుని, ముసలితనంలో సొంత దిక్కుకు వచ్చాడు. బాబాయి వరస కలిపి అందరం "కాక" అని పిలిచేవాళ్లం. తెల్ల చొక్కా, భుజం మీద తెల్ల బట్ట. నల్లాను తుడవడం చూస్తే కొత్త బండి కొన్నవాడు గుర్తొచ్చేవాడు. నోరు మాత్రం మంచిది కాదు. అంటే, మాకు తగ్గట్టే ఉండేది.

ఆయనకొక పద్ధతి ఉంది. మగ్గు వంచి పట్టుకుని పోస్తాడు. నురగ పైకొస్తుంది. మగ్గును బల్ల మీద పెట్టి "కూసోనియ్యి" అంటాడు. నురగ దిగాక మళ్లీ పోస్తాడు. అప్పుడు అది అంచు తగులుతుంది. ఇంతే. మగ్గు కూర్చునేదాకా మనిషి నిలబడాలి, అదొక్కటే కష్టం. మొదటి షిఫ్టు దిగి వచ్చినవాడికి ఒక మగ్గు కూర్చునేదాకా నిలబడే ఓపిక ఎక్కడిది? మొదటిసారి పోయగానే మగ్గు గుంజుకుని బల్ల దగ్గరికి వచ్చేవాళ్లం. వచ్చేలోపు నురగ దిగేది. దిగగానే "సూసినవా, ముప్పావే పోసిండు" అనుకునేవాళ్లం. ఇలా రోజూ మోసపోవడం మాకు అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే, దానికోసమే ఎదురుచూసేవాళ్లం.

ఒకరోజు నేను మా బల్ల తరఫున మగ్గు పట్టుకుని నల్లా దగ్గరికి పోయాను. హాలు నిండుగా ఉంది.

"కాకా, గిది ముప్పావే ఉన్నది," అన్నాను. "కొలత తెల్వనోళ్లకు పొయ్యి గిట్ల."

ఆయన మగ్గు వైపు చూడలేదు. "కూసోనియ్యిమన్న. గుంజుకపోతివి. ఆగితే మళ్ల పోస్తుంటి గద."

"కొలత నాకు చెప్తున్నవా? నేను కాంట మనిషిని."

"ఎరికే." బట్ట భుజం మార్చుకున్నాడు. "లారీలు తూసే కండ్లకు మగ్గు ఏం ఆనుతది అన్నా."

హాలంతా నవ్వింది. మావాళ్లు కూడా నవ్వారు. పదవి లేని నాయకుడైతే సరిగ్గా వినబడలేదని చెప్పి ఆ మాట మళ్లీ ఒకసారి అనిపించుకున్నాడు. కాక ఆ తర్వాత నా మగ్గు అందుకుని, అడగకుండానే అంచుదాకా నింపి ఇచ్చాడు. అది ఎవరికీ కనబడలేదు. నాకు కనబడింది గాని, అప్పుడు నేను కొలతల గురించి ఆలోచించే స్థితిలో లేను.

ఆ రోజు నుంచి నాకు న్యాయం మీద అపారమైన ప్రేమ కలిగింది. మా మగ్గుల్లో వెలితి ఉంది. వెలితి ఉంటే ఆ బీరు ఎక్కడికో పోతుండాలి. ఎక్కడికి పోతుంది? అద్దాల గదిలో కూర్చుని ఆలోచిస్తుంటే జవాబు కళ్లముందు నుంచే పోతూ కనబడింది. బీరు పెద్ద పెద్ద స్టీలు పీపాల్లో వచ్చేది. ఖాళీ పీపాలు వేసుకుని ఒక ఆటో ట్రాలీ వారం వారం మా కాంట ముందునుంచే కరీంనగర్ దిక్కు పోయేది. ఖాళీవని ఎవరు చెప్పారు? నల్లా దగ్గర మనిషి. మాకు నురగ పోసి, అడుగున బీరు మిగిల్చి, ఆ పీపాలు ఖాళీ అని పంపితే, దారిలో ఎవరైనా దించుకోవచ్చు. లాయరు చదువు చదవాల్సినవాణ్ని కాంటలో కూర్చున్నానని అప్పుడు నాకు చాలా జాలేసింది.

తరువాతి వారం ట్రాలీ రాగానే డ్రైవర్ని పిలిచి ఒకసారి కాంట ఎక్కించమన్నాను, ఊరికేనన్నాను. పొద్దున్నుంచి జడివాన. ఊరికే అంటే ఎవరొద్దంటారు? అతను ట్రాలీని పలక మీద నిలబెట్టి ఎదురుగా చాయ్ తాగడానికి పోయాడు. ఒట్టి ట్రాలీ బరువు దాని తలుపు మీదే రాసి ఉంటుంది. ఖాళీ పీపా బరువు పీపా మీదే కొట్టి ఉంటుంది. రెండూ కలిపాను. మీట నొక్కాను. రావలసిన దానికంటే ఇరవై ఎక్కువ వచ్చింది.

ఇరవై కాక ఇంకేమొస్తుంది? మా కాంటకు ఏడు రాదు, పదమూడు రాదు. అది ఏదైనా చెప్పదలచుకుంటే ఇరవై అనే చెప్పగలదు. పీపాల మీద కప్పిన టార్పాలిన్ వాన నీళ్లు తాగి వేలాడుతోంది. మడతల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. సీటు పక్కన జాకీ, చక్రానికి అడ్డం పెట్టే బండరాయి ఉన్నాయి. డీజిలు ఎంత పోయించాడో ఆ డ్రైవర్‌కే తెలుసు. ఇవన్నీ నేను చూశాను. చూడలేదని రాస్తే ఈ రాత దండగ. ఇంకే లారీ అయినా తల బయటపెట్టి నా రోజువారీ మాట నేనే చెప్పేవాణ్ని. ఆ రోజు తల లోపలే పెట్టుకుని, ఫోను మాత్రం బయటపెట్టి ఎర్ర అంకెల ఫొటో తీశాను.

ఫొటో కింద ఒక వాక్యం రాసి కాలనీ గ్రూపులో పెట్టాను: "మన మగ్గుల్లో నురగ, వాళ్ల పీపాల్లో బీరు." మా నాయిన చచ్చిపోయినప్పుడు పెట్టిన కబురుకు కూడా అంతమంది దండాలు పెట్టలేదు. మధ్యాహ్నానికల్లా ఆ ఫొటో బాయి దిగనివాళ్లకు బాయి మీద, బాయి దిగినవాళ్లకు పైకొచ్చాక చేరింది. సాయంత్రానికి బారు యజమానికి చేరింది.

యజమానికి ఊళ్లో ఇంకా చాలా వ్యాపారాలున్నాయి. నురగ గురించి రోజూ ఫిర్యాదులు విని విసిగిపోయి ఉన్నాడు. అప్పటికి ట్రాలీ ఎప్పుడో కరీంనగర్ దాటేసింది. మరుసటి రోజు సాయంత్రం హాలు మధ్యలో నిలబడి, అందరూ వింటుండగా నన్ను అడిగాడు.

"పక్కానా అన్నా?"

నాకు ఆ క్షణం బాగా గుర్తుంది, ఎందుకంటే హాలంతా నా వైపు చూసింది. నవ్విన హాలే. నల్లా దగ్గర కాక కూడా చూస్తున్నాడు. ఇరవై అటిటు లెక్కగాదన్నా, కాంట గంతే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. రోజూ ఎవరూ అడగకుండానే బయటికొచ్చే మాట.

"కాంట అబద్ధం చెప్పదు," అన్నాను.

అది నిజమే. కాంట అబద్ధం చెప్పలేదు.

కాక ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "పీపా ఇప్పి సూసిన్రా?" ఆ ప్రశ్న నన్ను కాదన్నట్టు నేను టీవీ వైపు చూశాను. ఆయన నల్లాను పైనుంచి కిందిదాకా ఒకసారి తుడిచాడు. బట్టను మడిచి నల్లా మీద వేశాడు. సంచి తీసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు. మావాళ్లు నా వీపు తట్టారు. ఆ సాయంత్రం నా మగ్గు ఖాళీ కాకుండా చూసుకున్నారు.

న్యాయం జరిగాక ఊళ్లో కొలతలు ఎంత బాగుపడ్డాయో కూడా చెప్పాలి. యజమాని కొత్త మగ్గులు తెప్పించాడు. అడుగున గాజు నాలుగువేళ్ల మందం. అవి చిటికెలో అంచుదాకా నిండేవి. ఎత్తితే చేతికి బరువుగా, తృప్తిగా తగిలేవి. "గిది మగ్గంటే" అని మెచ్చుకుని తాగాం. ముందు మగ్గుల ముప్పావు కంటే ఇందులో తక్కువే పడుతుందని నేను ఒక చూపులోనే కనిపెట్టాను. కాంట మనిషిని కదా. కానీ అంచు తగులుతోంది కాబట్టి ఎవరికీ ఫిర్యాదు లేదు. కొన్నాళ్లకు గొట్టాలు కడిగే మనిషి లేక నల్లాలోంచి నురగ తప్ప ఇంకేమీ రాకుండా పోయింది. యంత్రాన్ని వాపసు పంపేశారు. మళ్లీ సీసాలకు వచ్చాం.

కాకకు మాత్రం ఎక్కడా పని దొరకలేదని వినేవాణ్ని. మంచిర్యాలలో అడిగాడట, పెద్దపల్లిలో అడిగాడట. ఆయన బస్సు దిగేలోపు ఇరవై కిలోలు అక్కడికి చేరిపోయేవి. నస్పూర్‌లో చెల్లెలి క్వార్టర్‌లో ఉంటున్నాడని ఎవరో చెప్పారు. వినగానే ఆ మాటను దాటి ఇంకో మాటలోకి పోవడం నాకు బాగా అలవాటైంది.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం పాత సీసాల ట్రాలీ మా కాంట ఎక్కింది. నిండా ఖాళీ బీరు సీసాలు. డ్రైవర్ పక్క సీట్లోంచి కాక దిగాడు. గడ్డం పెరిగింది. తెల్ల చొక్కా తెల్లగానే ఉంది. ఇప్పుడు ఆ సీసాలు ఏరి, వేరుచేసి, ఎక్కించే పని చేస్తున్నాడట. ఆయన నన్ను చూసి పలకరించలేదు. సీటు కింద నుంచి ఒక బియ్యం సంచి తీసి నేల మీద పెట్టాడు. బయట ఎర్ర అంకెల వైపు చూశాడు. సంచిని మళ్లీ ట్రాలీలో పెట్టాడు. మళ్లీ చూశాడు. తర్వాత అద్దం దగ్గరికి వచ్చాడు.

"పది కిలోల బియ్యం అన్నా. దించిన, ఎక్కిచ్చిన. నీ కాంటకు తెల్వలే."

నేను తల బయటపెట్టాను. అలవాటు ఎంత చెడ్డదో చూడండి. ఎదురుగా ఉన్నది ఎవరో, అడుగుతున్నది ఏమిటో తెలిసి కూడా, నోరు దాని పని అది చేసుకుపోయింది.

"ఇరవై అటిటు లెక్కగాదు కాకా. కాంట గంతే."

వెనుక ఇటుకల లారీవాడు హారన్ కొట్టాడు.

"గీ మాటనే ఆ దినం అంటే అయిపోవు గద," అన్నాడు కాక.

తర్వాత ఆయన చెప్పింది ఇది. మంచిర్యాలలో ఒకాయన హోటల్లో కొత్తగా నల్లా పెట్టాడు. పనొచ్చిన మనిషి దొరకక వెతుకుతున్నాడు. కాక పోయి అడిగితే, అన్నీ విని చివర్లో ఆ ఇరవై కిలోల సంగతేమిటని అడిగాడు. చెప్పినా నమ్మలేదు. దొంగ తాను దొంగను కాదంటే ఎవరు నమ్ముతారు? తూచినవాడు వచ్చి చెబితే చూద్దామన్నాడు. ఆదివారం దాకా ఆగుతానన్నాడు. "బతిలాడుతలేను," అన్నాడు కాక. "నువ్వు తూసినవు. నువ్వే దించాలె."

వెంటనే సరేనని పోయుంటే ఈ కథలో నేను కొంచెం మంచిగా కనబడేవాణ్ని. మా ధర్మకాంటే తప్పని తెలిస్తే దాని యజమాని ఏమంటాడో అని ముందు ఆలోచించాను. అందుకని చౌకలో అయ్యే పని చేశాను. ఆ సాయంత్రం మావాళ్ల ముగ్గురి ముందు అసలు సంగతి చెప్పేశాను. కాంట ఇరవై ఇరవైగా ఎగురుతుందనీ, టార్పాలిన్ తడిసి ఉందనీ, అది నాకప్పుడే తెలుసనీ చెప్పాను. నా గుండె బరువు దిగుతుందనుకున్నాను. బోల్టులు కొట్టేవాడు పల్లీలు తింటూ, అయితే ఆ ఇరవై కిలోలు నువ్వే తాగినవా అని నన్ను అడిగాడు. పంపువాడు, అంత మంచి కథను ఇప్పుడు పాడుచేయొద్దన్నాడు. పదవి లేని నాయకుడు, కాక తప్పు చేయకపోయినా యాజమాన్యానికి బుద్ధొచ్చింది కదా అన్నాడు. యాజమాన్యం ఇంకా మందం మగ్గులు తెప్పించిందని నేను గుర్తుచేయలేదు. బరువు ఎక్కడిదక్కడే ఉంది. ఇరవై లోపు కదలికలు నాకూ తెలియవేమో.

ఆదివారం పొద్దున నస్పూర్‌లో దిగి కాకను వెంటబెట్టుకుని మంచిర్యాల పోయాను. ఆటోలో ఆయన ఒకవైపు, నేనొకవైపు కూర్చున్నాం. దారంతా ఆయన చెల్లెలు కట్టిచ్చిన టిఫిన్ డబ్బాను ఒళ్లో పట్టుకుని బయటికే చూశాడు. నేను వానల గురించి ఏదో అన్నాను. ఆయన "టార్పాలిన్ తెచ్చుకున్నవా?" అని అడిగి మళ్లీ బయటికి చూశాడు.

హోటలాయన గల్లాపెట్టె వెనుక కూర్చుని ఉన్నాడు. అక్కడ ఇంకా ఇద్దరు ముగ్గురు చాయ్ తాగుతున్నారు. నేను ఫలానా కాంట ఆపరేటర్నని చెప్పగానే ఆయన తన ఇటుకల లారీలు మా దగ్గరే తూస్తాయన్నాడు. గిరాకీ పోతే మా యజమాని నన్ను ఊరికే వదలడు. కాక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

సంగతంతా చెప్పాను. ఆయన విని, "అంటే మీ కాంట తప్పా?" అని అడిగాడు.

"కాంట తప్పుగాదు సేటూ. దానికి ఇరవై లోపు తెల్వది. నాకు తెల్సు. తెల్సే చెప్పిన. నన్ను నలుగుట్ల నవ్వులపాలు జేసిండని చెప్పిన. ఈయన ఒక్క చుక్క ఎత్తలే."

చాయ్ తాగుతున్న ఒకాయన గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగి చూశాడు. చూడనీ అనుకున్నాను. ఆ చూపు ఆ హాల్లో కాక భరించిన దాంట్లో కాంటకు ఆనేంత కూడా కాదు.

హోటలాయన గల్లాపెట్టె మూశాడు. పనిలో పెట్టుకుంటానన్నాడు, కానీ నల్లా మీద కెమెరా ఉంటుందన్నాడు. నేనెంత చెప్పినా, ఆ ఇరవై కిలోల్లో కొన్ని ఇంకా కెమెరా రూపంలో మిగిలాయి.

"పెట్టుకోండ్రి," అన్నాడు కాక. "కెమెరాకు ఓపికుంటది."

ఒక మగ్గు పోసి చూపించమన్నాడు హోటలాయన. కాక చేతులు కడుక్కుని, బట్ట అడిగి తీసుకుని, ముందు నల్లాను తుడిచాడు. మగ్గు వంచి పట్టుకుని పోశాడు. నురగ మూడువేళ్లు పైకొచ్చింది. తెచ్చి నా ముందు పెట్టాడు. పొద్దున్నే బీరు ఏంటని నేను అనలేదు. చెయ్యి చాపాను. ఆయన మగ్గు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"కూసోనియ్యి."

కూర్చోనిచ్చాను. నురగ చప్పుడు లేకుండా దిగుతోంది. మా నాయిన నింపి పంపిన టబ్బు, పట్టాల మీద ఊగుతూ పోయేది, అప్పుడు గుర్తొచ్చింది. కట్టెపుల్ల పట్టుకుని పైన నిలబడ్డ మనిషిని ఆయన తిట్టిన తిట్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అవి ఎవరికి చెందుతాయో కొత్తగా తెలిసింది. కాక తొందరపడలేదు. హోటలాయన కూడా మగ్గునే చూస్తున్నాడు. నురగ సగానికి దిగాక కాక మగ్గు తీసుకుపోయి మళ్లీ పోసి తెచ్చాడు. ఈసారి అంచు తగిలింది.

"ఇగ తూసుకో," అన్నాడు.

మగ్గు పెట్టినప్పుడు అంచు మీద నుంచి కొంచెం పొర్లి బల్ల తడిసింది. ఆయన బట్టతో తుడిచి, బట్టను భుజాన వేసుకుని నల్లా దగ్గరికి పోయాడు. నా మగ్గులోంచి ఆ బట్టలోకి ఎంత పోయిందని నేను అడగలేదు.